జేబు కింద గుండె

మా బావ సదానందానికి తెలిసిన జబ్బు ఒక్కటే, గ్యాస్. తలనొప్పి వస్తే గ్యాస్ తలకెక్కిందంటాడు. మోకాలు పట్టేస్తే గ్యాస్ కిందికి దిగిందంటాడు. పక్కింటి నర్సయ్య తాతకు చెవుల్లో హోరు మొదలైతే, ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, గ్యాస్‌కు బయటికి పోయే దారి దొరక్క చెవుల దాకా వచ్చిందని తేల్చి, జీలకర్ర నీళ్లు తాగించాడు. హోరు తగ్గలేదు. కానీ నర్సయ్య తాత మొహమాటస్థుడు, తగ్గిందనే చెప్పాడు. ఇక కొత్తవాడలో మా బావ వైద్యానికి అడ్డు లేకుండా పోయింది.

నా పేరు రాజమౌళి. పోచమ్మమైదాన్ నుంచి స్టేషన్ దాకా ఆటో నడుపుతాను. మా అక్క వినోదను సదానందానికి ఇచ్చిన రోజునే ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు దక్కింది. ఆ హక్కును నేను ఒక్కనాడూ వృథా పోనివ్వలేదు. ఆయనా తక్కువవాడు కాదు. నా ఆటో ఎక్కిన ప్రతిసారీ, “నీ బండి కంటె బర్రె నయ్యం రా మౌళీ, అది ఇంటికొచ్చేటప్పుడన్న ఉరుకుతది” అంటాడు.

బావ జంపఖానాలు నేస్తాడు. మగ్గం మీద పడుగు బిగించి, రంగు రంగుల పేక దారాలు ఒక్కొక్కటీ చేత్తో దూర్చి, పంజాతో దబదబా కిందికి గుద్దుతాడు. పంజా అంటే ఇనుప పళ్లున్న బరువైన దువ్వెన అనుకోండి. ఆ పని కూర్చుని చేసేదే అయినా భుజాలు, రొమ్ము అన్నీ ఊగాల్సిందే. ఆయన పనికి రెండు పద్ధతులున్నాయి. నేసింది విప్పడు, అదొకటి. పొరపాటు పోతే దాన్నే పువ్వుగానో తీగగానో మార్చేస్తాడు తప్ప వెనక్కి పోడు. ఇక రెండోది, మగ్గం మీద నుంచి కోసే ముందు, నేయమన్నవాళ్లను ఇంటికి పిలుస్తాడు. చాయ్ పోసి, మగ్గానికి చుట్టుకున్న నేతంతా పరిచి చూపించి, వాళ్లు సరే అన్నాకే కత్తెర పెడతాడు. ఇంతవరకూ కాదన్నవాళ్లు లేరు. చాయ్ గ్లాసు చేతిలో పెట్టి ఆయన చూసే చూపు అట్లా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ మధ్య ఆ గ్యాస్ మా బావ దగ్గరికే వచ్చింది.

నూలు మూట భుజానికెత్తుకుని మేడ మెట్లు ఎక్కితే వస్తుంది. పంజా కాస్త జోరుగా వేస్తే వస్తుంది. వచ్చిందంటే ఎక్కడివాడు అక్కడే ఆగిపోయి, పిడికిలి బిగించి ఛాతీ నడిమధ్యలో అదుముకుంటాడు. నుదుటి మీద చెమట పోస్తుంది. దవడను అటూ ఇటూ తిప్పుకుంటాడు. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. అప్పుడు ఒక త్రేన్పు కోసం కష్టపడతాడు. అది వచ్చిందా, లోకాన్ని గెలిచినట్టు మా వైపు చూస్తాడు.

“దవాఖానకు పోదాం పా” అని అక్క ఎన్నిసార్లు బతిమాలిందో! ఒకరోజు నేనూ గట్టిగానే పట్టుకున్నాను. బావ మగ్గం మీద నుంచి దిగి, నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, వకీలు లాగా మొదలుపెట్టాడు.

“గుండె ఏ దిక్కుంటది?”

“ఎడమ దిక్కు.”

“నాకు నొప్పి యాడ లేస్తాంది?”

“ఛాతి నడుమల.”

“మరింకేంది? గుండెకు నొప్పి లేస్తే గుండె కాడ లేవాలె. పక్కింట్ల లేస్తదా?”

పదో తరగతి దాకా చదివాను గానీ, ఆ చదువంతా ఆటో మీటరు చూడ్డానికే సరిపోయింది. అక్కకు వాదించడం రాదు, భయపడటం వచ్చు. ఆమె ఆ రోజు నుంచి బావ పంజా వేస్తుంటే వంటింట్లో చెవి ఇటే పెట్టి కూర్చునేది. దబదబ ఆగిందంటే చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చేది. దారం తెగి ఆగినా సరే, ఆమెకు ప్రాణం పోయినంత పనయ్యేది.

ఇట్లా ఉండగా అక్కాబావల కూతురు, నా మేనకోడలు ఇందు బడి నుంచి ఒక వార్త మోసుకొచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. సైన్స్ ఫేర్ జరగబోతుందట, మనిషి ఒంటి లోపలి భాగాలు చూపించే నమూనా చేసుకు రమ్మని వాళ్ల జీవశాస్త్రం టీచర్ సంధ్యారాణి చెప్పిందట. ధర్మకోల్ షీట్లు, రంగులు కావాలని అడిగింది. ధర్మకోల్ అన్న మాట వినగానే మా బావకు ఎవరో తిట్టినట్టయింది.

“ఇంట్ల మగ్గం పెట్టుకొని ధర్మకోల్ కొంటవా? నేనే నేస్త. నడుము కాడి నుంచి తలకాయ దాక, అచ్చం మనిషంత కొలతల. ఆ ఫేర్‌ల ఇంకెవని దిక్కన్న చూస్తరేమో చూద్దాం.”

అట్లా మొదలైంది. జంపఖానా కింది నుంచి పైకి సాగుతుంది కాబట్టి మనిషి కూడా కింది నుంచే తయారయ్యాడు. ఇందు పక్కన కూర్చుని పాఠం చదువుతుంటే బావ నేసేవాడు. ముందు పేగులు. చిన్న పేగు విప్పి పరిస్తే ఎంత పొడుగుంటుందో విని, “మన కడుపుల ఇంత మాలు పెట్టుకొని తిరుగుతానమా!” అని ఆశ్చర్యపోయాడు. పేగుల మెలికలు ఎంత అందంగా నేశాడంటే, అంచుకు పెట్టుకునే డిజైనులా ఉన్నాయి. తర్వాత కాలేయం. దాన్ని కార్జం అనడమే ఆయనకిష్టం. అది కుడి వైపు ఉంటుందని పాఠంలో ఉంది, బొమ్మలో చూస్తే మన ఎడమ వైపు కనిపిస్తోంది.

“పుస్తకం తప్పచ్చైంది” అన్నాడు బావ.

“తప్పు కాదు బాపు. ఆ బొమ్మ మన దిక్కు మొఖం పెట్టి నిలబడ్డది. దాని కుడి చెయ్యి మన ఎడమ దిక్కుంటది” అంది ఇందు.

బావ ఒప్పుకున్నాడు. జీవితంలో ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం నేను చూడలేదు, అందుకే చెబుతున్నాను. కార్జం గోధుమ రంగులో కుదిరింది. దాని పక్కన జీర్ణాశయం, ఆ రెండింటి మీద గొడుగులాగా ఉదరవితానం. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ కండరం కిందికి దిగి ఊపిరితిత్తులకు చోటిస్తుందని ఇందు చదివితే, బావ గట్టిగా ఊపిరి పీల్చి, కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకుని తలాడించాడు.

తంటా ఊపిరితిత్తుల దగ్గర వచ్చింది. ఎడమది కాస్త చిన్నదట, గుండెకు చోటివ్వడానికి. ఈ మాట బావకు మింగుడు పడలేదు. జన్మంతా జంపఖానాకు కుడి పక్క ఎట్లా ఉంటే ఎడమ పక్క అట్లాగే నేసినవాడాయన. ఒక పక్క పువ్వు పెద్దదై ఇంకో పక్క చిన్నదైతే ఆ జంపఖానా ఎవరు కొంటారు?

“ఒకటి పెద్దగ ఒకటి చిన్నగ నేస్తే, సదానందానికి చెయ్యి తప్పిందంటరు. రెండు సమానమే ఉండాలె” అని, రెండూ నడుమ దాకా వచ్చేటట్టు నిండుగా, గులాబీ రంగులో, కొలిచినట్టు మొదలుపెట్టాడు. ఇక నడుమ గుండెకు చోటెక్కడిది?

“బాపు, గుండె నడుమల ఉంటది. జర ఎడమకు ఒరుగుతది, అంతే” అని ఇందు మొత్తుకుంది.

“సినిమాల హీరో ప్రేమ గురించి చెప్పుకుంట చెయ్యి యాడ పెట్టుకుంటడు? నడుమల పెట్టుకుంటడా?”

అని, తొడుక్కున్న అంగీ విప్పి, పడుగు మీద పరిచి, జేబు ఎక్కడుందో చూసుకుని, దాని కింద సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. అక్కడ, చంకకు దగ్గరగా, ఎడమ ఊపిరితిత్తి మీద చక్కటి ఎర్ర గుండె నేశాడు. దాని పైన గొంతు, గొంతు మీద ముఖం. ముఖానికి మీసం కూడా పెట్టాడు. అచ్చం ఆయన మీసమే.

ఇంకో రెండు రోజుల్లో ఫేర్ అనగా, పద్ధతి ప్రకారం సంధ్యారాణి మేడాన్ని ఇంటికి పిలిచారు. నేనే ఆటోలో తీసుకొచ్చాను. బావ మగ్గానికి చుట్టుకున్న నేతంతా నేల మీదికి జార్చాడు. మేడం మురిసిపోయింది. వంగి పేగులను వేలితో తడిమింది. కార్జాన్ని మెచ్చుకుంది. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

“సదానందమన్నా, గుండె గింత పక్కకు పోయిందేంది?”

బావ ధీమాగా అంగీ జేబు చూపించాడు. మేడానికి నవ్వాగలేదు.

“జేబు పెట్టేది దర్జీ అన్నా. గుండెను దర్జీ పెట్టలే.”

నేను కూడా నవ్వాను, కాస్త ఎక్కువే నవ్వాను. బావ ముఖం చిన్నబోయింది. మేడం అది గమనించి మెత్తగా చెప్పింది. “ఒక పని చెయ్యుండ్రి. పిడికిలి పట్టుండ్రి. ఎవరి గుండె సుమారుగ వాళ్ల పిడికిలంత ఉంటది. ఇప్పుడు దాన్ని ఛాతి నడుమ, ఈ బొక్క, అదే రొమ్ము ఎముక మీద పెట్టుకోండ్రి. గిదీ గుండె ఉండే జాగ. కింది మొన ఒక్కటి ఎడమకు తిరిగి ఉంటది. కొట్టుకునుడు ఆ మొన కాడ గట్టిగ తెలుస్తది గనుక అందరు గుండె ఎడమ దిక్కే అనుకుంటరు.”

బావ పిడికిలి పట్టి ఛాతీ మధ్యలో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అక్క చాయ్ గ్లాసులతో వచ్చింది. బావను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“మల్లొచ్చిందా?” అంది.

“ఏంది వచ్చింది?” అంది మేడం.

“గ్యాస్. గ్యాస్ వస్తే గట్లనే పెట్టుకుంటడు మేడం. గదే జాగల. గట్లనే పిడికిలి పట్టుకొని.”

మేడం ముఖంలో నవ్వు పోయింది. బావను కూర్చోమంది. మెట్లెక్కితే వస్తుందా, కూర్చుంటే తగ్గుతుందా, దవడ గుంజుతుందా, చెమట పోస్తుందా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ అక్కే అవునని చెప్పింది.

“గుండె ఒళ్లంతటికి రక్తం పంపుతది. మరి దానికి గూడ రక్తం కావాలె గద అన్నా. దాని మీదనే సన్న నాళాలుంటయ్. అవి పూడుకపోతే, ఒంటికి పని ఎక్కువైనప్పుడు దానికి రక్తం సరిపోదు. అప్పుడు గిట్లనే నొప్పి లేస్తది. మీకు అదే అని నేను చెప్పలేను, నేను డాక్టర్ను కాదు. గని గ్యాస్ అని మీరు గూడ చెప్పొద్దు. ఇయ్యాల్నే పోవాలె, ఇప్పుడే.”

బావ ఆమె వైపు చూడలేదు. జంపఖానా వైపు చూశాడు, జేబు కింద తాను నేసిన ఆ ఎర్రటి గుండె వైపు. పిడికిలి ఇంకా ఛాతీ మీదే ఉంది.

“అంటే మేడం, నొప్పి పక్కింట్ల లేస్తలేదన్నట్టు” అన్నాడు మెల్లగా. “దాని ఇంట్లనే లేస్తాంది.”

నేను జేబులోంచి ఆటో తాళంచెవి తీశాను. బావ లేచి, గుమ్మం వైపు కాకుండా మగ్గం వైపు నడిచాడు.

“తప్పు నేసిన. విప్పాలె.”

ఆ నోటి నుంచి ఆ మాట ఎవరం ఎన్నడూ వినలేదు. అయితే జంపఖానాలో మధ్యలోది సరిచేయడం కుదరదు. చివర నేసిన వరుస నుంచి ఒక్కొక్కటీ లాక్కుంటూ వెనక్కి రావాలి. “గుండె కాడికి పోవాల్నంటె ముందుగాల తలకాయ విప్పాలె” అని బావ కూర్చోబోయాడు.

“ఆ తలకాయ విప్పాలని నేను ఎప్పటి సంది అనుకుంటాన బావా” అన్నాను. అలవాటు మాట, జారిపోయింది. ఎవరూ నవ్వలేదు.

అక్క వచ్చి బావ చేతిలోని పంజా లాక్కుంది. “నేను విప్పుత. నువ్వు పోయి ఆటోల కూసో.”

“నీతోని కాదు. ఎల్లుండే ఫేర్ ఉన్నది.”

“పెండ్లైన కాడి సంది నీకు నూలు కండెలు చుట్టిన. నీకు జెరం వస్తే మగ్గమెక్కి నేసిందెవ్వలు? నడు. లేకుంటె ఇప్పుడే కత్తెర పెట్టి నడుమల కోసేస్త.”

ఆ బెదిరింపుకు బావ కదిలాడు. ఇందును మేడానికి అప్పజెప్పి అక్క కూడా ఎక్కింది. పోచమ్మమైదాన్ దాటుతుంటే వెనక నుంచి బావ గొంతు వినిపించింది.

“మౌళీ, జర మెల్లగ పో.”

బర్రెతో పోల్చలేదు. హారన్ కొట్టమని అరవలేదు. మెల్లగా పొమ్మన్నాడు. నాకు భయమేసింది. ఇన్నేళ్లలో ఆ మనిషి లేకపోతే నేనెవరితో పోట్లాడాలని ఎప్పుడూ ఆలోచించలేదు, ఆ క్షణం ఆలోచించాను. కళ్లు మసకబారాయి.

దవాఖానలో ఈసీజీ తీశారు, రక్తం తీశారు, ఇంకేవో చూశారు. గుండెకు పోయే ఒక నాళం చాలా వరకు పూడుకుపోయిందని, పొద్దున్నే స్టెంట్ వేస్తామని డాక్టరు చెప్పాడు. ఇన్నాళ్లూ ఏం చేశారని కోప్పడ్డాడు.

“జీలకర్ర నీళ్లు తాగిండు సార్” అన్నాను.

“ఇంకా ఆలస్యం చేసుంటే ఆ నీళ్లు తాగడానికి మనిషి ఉండేవాడు కాదు” అన్నాడాయన. బావ పడుకునే ఉండి, ఆఖరి ఆశతో అడిగాడు. “గ్యాస్ గూడ ఉన్నదా సార్?”

“అది అందరికీ ఉంటది” అని డాక్టరు వెళ్లిపోయాడు. బావ ముఖంలో కాస్త తృప్తి కనిపించింది.

పొద్దున స్టెంట్ వేశారు. అంతా బాగానే జరిగిందన్నారు. బావ మందుల మత్తులో నిద్రపోతున్నాడు. అక్క మంచం పక్కన కూర్చుని, కొంగు ముడిలో నుంచి ఒక ఎర్ర దారం తీసి ఆయన చేతికి చుడుతోంది. మొక్కుకున్నదేమో, కట్టుకోనీ అని నేను అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి చూస్తే చేతికి దారం లేదు. సూది ఉందని నర్సు తీయించిందేమో అనుకున్నాను.

“నువ్వు ఈడ ఉండు. నేను ఇంటికి పోత. పిల్లకు రేపు ఫేర్ ఉన్నది గద” అని అక్క లేచింది. నాకు ఒళ్లు మండింది. మొగుడు మంచంలో ఉంటే ఈమెకు జంపఖానా గుర్తొచ్చిందా! గొంతు దాకా వచ్చిన మాటను మింగేశాను. ఆమె కళ్లు చూస్తే ఎవరైనా మింగేయాల్సిందే.

మర్నాడు ఇందును, చుట్టిన జంపఖానాను ఆటోలో వేసుకుని ఫేర్‌కు తీసుకుపోయాను. అక్కడ విప్పి కర్రకు వేలాడదీస్తే గానీ నాకు తెలియలేదు. గుండె నడిమధ్యలో ఉంది, మొన ఎడమకు తిరిగి. ఎడమ ఊపిరితిత్తి దానికి చోటిచ్చి చిన్నగా ఒదిగింది. పైన గొంతు ఉంది. గొంతు మీద ఏమీ లేదు. పడుగు పోగులు ముడులు వేసి ఉన్నాయి, అంతే. మీసాల ముఖాన్ని తిరిగి నేయడానికి అక్కకు సమయం చాలలేదు.

చూడ్డానికి వచ్చిన సారు ముందు నుంచి, వెనక నుంచి చూసి అడిగాడు. “బాగుంది గాని, తల ఏదమ్మా?”

ఇందు తడుముకోలేదు. “తలకాయ దవాఖానల ఉన్నది సార్. రేపు డిశ్చార్జ్ చేస్తరు.”

అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లందరి చేతా పిడికిలి పట్టించి, ఛాతీ మధ్యలో పెట్టించి, గ్యాస్ అనుకుని ఊరుకోకూడని నొప్పి ఎట్లా ఉంటుందో వాళ్ల బాపు సంగతితో సహా చెప్పింది. ఆమెకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది ధర్మకోల్ అగ్నిపర్వతానికి పోయింది. ఆ కోపం నాకింకా పోలేదు.

బావ ఇంటికొచ్చాక చేసిన మొదటి పని మంచం పక్కన జంపఖానా పరిపించుకోవడం. మందులు వేసుకోమంటే అది చూశాకే వేసుకుంటానన్నాడు. ఒక్కో వరుసా కళ్లతో వెతికాడు. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని ఆ మనిషి పడే తపన చూస్తే, పూర్తిగా కోలుకున్నాడని నాకు ధైర్యం వచ్చింది. చివరికి దొరికింది. మంచం మీది నుంచి వంగి గుండె మీద పిడికిలి పెట్టి చూశాడు. పిడికిలి చుట్టూ గుండె ఎరుపు ఇంకా మిగిలి కనిపించింది.

“గుండె జర పెద్దగ నేసినవ్. పిడికిలంతనే గద ఉండాలె?”

అక్క గోంగూర తెంపుతోంది. తలెత్తకుండానే చెప్పింది. “నీ పిడికిలి కొలతనే. దవాఖానల నువ్వు పండుకున్నప్పుడు దారంతోని కొలిచి తెచ్చిన. సూది పెట్టిన చెయ్యి గద, ఉబ్బి ఉండె.”

“మరి ఇంకో చెయ్యి కొలవద్దా?”

“ఆ చేతిల నా కొంగుండె. పట్టుకొని ఇడిచిపెట్టకపోతివి.”

నేను ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. బామ్మర్దిగా అది నా బాధ్యత. కానీ అక్క ముందున్న గోంగూర కట్ట ఒకటి లాక్కుని తెంపడం మొదలుపెట్టాను.

“మల్ల విప్పాల్నా ఏంది?” అంది అక్క, ఈసారి తలెత్తి.

బావ పిడికిలి ఆ గుండె మీద నుంచి తీయలేదు.

“ఊకో” అన్నాడు. “నేసింది విప్పుతరా ఎవ్వలన్న?”